నొప్పి పద్దు

నవంబర్ 4, సోమవారం
కార్తీక ఉపవాసం. మూడింటికల్లా తల చుట్టూ తువ్వాలు బిగించి కట్టినట్టు నొప్పి. ఇది పాత చుట్టమే, రెండు పక్కలా సమానంగా, పని మానాల్సినంత కాకుండా ఉంటుంది. చీకటి పడేసరికి ఎడమ కణతకు చేరి పోట్లు మొదలయ్యాయి. దీపం చూడలేను, పోపు వాసన పడదు. నక్షత్రం చూసి తిన్నదంతా వాంతయింది. వచ్చేవారం పాలు, పండ్లు తీసుకుంటానంటే అత్తయ్య, "శివుడేమీ అనుకోడులే అమ్మాయ్" అన్నారు.

నవంబర్ 7
న్యూరాలజిస్టు అడిగినవి మామూలు ప్రశ్నలే. మెట్లెక్కితే పెరుగుతుందా? వెలుతురు, చప్పుడు భరించగలరా? ఎంతసేపు ఉంటుంది? టెన్షన్ తలనొప్పి నడిస్తే పెరగదు, అరగంటలో పోవచ్చు, వారం ఉండనూవచ్చు. మైగ్రేన్ అయితే, మందు పడకపోతే, 4 నుంచి 72 గంటలు. ఒకే మనిషికి రెండూ ఉండటం వింతేమీ కాదట. మెడ పట్టేయడం కూడా చాలామందికి మైగ్రేన్‌లో భాగమేనట! అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018 వర్గీకరణలో రెండూ కలిసినదానికి వేరే పేరు లేదు. రెండూ ఉంటే రెండూ రాయాలి, అంతే.

నవంబర్ 10
గోడ క్యాలెండర్‌లో బిగింపుకు గీత, పోటుకు చుక్క, మాత్రకు సున్నా. మా ఆయన పాల ప్యాకెట్ల లెక్కనుకున్నారు.

నవంబర్ 13
సున్నాల మీదే నాకు భయం. తలనొప్పి తత్వం ఉన్నవాళ్లు పారాసిటమాల్ వంటివి నెలకు 15 రోజులు, కెఫీన్ కలిసిన మిశ్రమ మాత్రలో, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లో 10 రోజులు వాడుతూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. మందుల షాపు కుర్రాడు మాత్రం అడగకముందే రేకు మీద కత్తెర పెట్టి, "రెండా, నాలుగా మేడమ్?" అంటాడు. కత్తిరించిన ముక్క మీద 'కెఫీన్' అన్న మాట సగమే మిగిలింది.

నవంబర్ 18, సోమవారం
పాలు, అరటిపండు. సాయంత్రం గీత మాత్రమే. ఒక్క సోమవారాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేను గానీ, ఆకలి చాలామందిలో మైగ్రేన్‌ను రేపుతుందన్నది మాత్రం నిజం.

నవంబర్ 21
1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన అమృతాంజనం మా ఇంట్లో తరాల నుంచి ఉంది. బిగింపు రోజున నుదుటికి రాస్తే హాయి. పోటు రోజున మూత తీస్తేనే కడుపులో తిప్పుతుంది.

నవంబర్ 26
రాత్రిపూట అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములు. డిప్రెషన్‌కు వాడే మందే. ఇంత చిన్న మోతాదులో రెండు రకాల నొప్పుల్నీ రాకుండా ఆపడానికి ఇస్తారు. పొద్దున నోరు పిడచకట్టుకుపోతోంది, మగతగా ఉంది. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. పక్కింటి పిన్నిగారు నా చీటీ అడిగారు. ఇవ్వలేదు. ఆవిడకు ఉబ్బసం, మైగ్రేన్ నివారణకే ఇచ్చే మరో మందు ప్రొప్రనలాల్ అలాంటివాళ్లకు పడదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ట్రిప్టాన్ల జోలికి పోకూడదు. ఒకరి చీటీ మరొకరికి పనికిరాదు.

నవంబర్ 30
ఈ పుస్తకం తిరగేసే ఇంటివాళ్లకు: క్షణాల్లో విరుచుకుపడే భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా గీతలు, చుక్కలు పెడుతూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ డాక్టరుకు చూపించండి.