సురభి మీద ఒక సిరీస్ రాయండప్పా

మాయలు తెలిసిన నటులు డేరా ఎత్తుకుని ఊరూరా తిరిగే ఫాంటసీ కథలంటే ఇప్పుడు భలే మోజు. అవి చదివినప్పుడల్లా నాకు సురభి వాళ్లే గుర్తొస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలుపెట్టిన నాటక కంపెనీ. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు.

వాళ్ల 'మాయాబజార్' నాటకంలో ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు గాల్లో తేలుతూ పోయి నోట్లో పడతాయి. కంటికి ఆనని సన్నని దారం, తెర పక్కన దాన్ని లాగే ఒక చెయ్యి, అంతే మాయ. కథంతా ఆ చేతిదే అంటాను. కంపెనీ అంతా ఒకే కుటుంబం కదా, దారం లాగేది ఘటోత్కచుడి సొంత బామ్మర్దే అనుకోండి. పొద్దున వంట దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చుంటుంది. ఇంక ఆ రాత్రి లడ్డూ నోటికందుతుందా, ముక్కుకు తగుల్తుందా?

నేనైతే ఈ కథను ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరలో మొదలుపెడతా. రెండో భాగం ఆదోనిలో, పత్తి సీజన్లో, రైతు చేతిలో నాలుగు డబ్బులాడేటప్పుడు. విలన్ వేరే అక్కర్లేదు, డేరా మీద కురిసే అకాల వాన చాలు.

హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. రాసే చెయ్యి ఉన్నోళ్లు ఒకసారి పోయి ఆ పెద్దోళ్లతో కూర్చోండి.