గీత దాటితే మనం ఎవరం? కనగానపల్లి నుంచి పావగడ దాకా మా తిరుగుడు

పోస్టు పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పోయిన దసరా సెలవుల్లో మేము నలుగురం రెండు బండ్ల మీద కర్ణాటక గీత వెంబడి మూడు రోజులు తిరిగినాం. ముగ్గురం కనగానపల్లి మండలం తండాల పిల్లోళ్లం, సుగాలీలం. నాలుగోవాడు మా యెరుకల తమ్ముడు. ఊరికే షికారు కాదు, పని ఒకటి ఉండె. మాలో ఒకరి అక్కకు పావగడ తాలూకాలోని ఒక తండా నుంచి సంబంధం వచ్చింది. సంబంధం తెచ్చింది మేనత్తే, ఆమెను ఎప్పుడో ఆ తండాకే ఇచ్చినారు. "పోయి ఇల్లు, పిల్లోడు ఎట్లున్నారో చూసి రాపోండిరా" అన్నారు పెద్దోళ్లు. నేరుగా పోతే పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు. మేము మాత్రం పెనుకొండ, హిందూపురం, లేపాక్షి, మడకశిర, హేమావతి అన్నీ చుట్టుకొని పావగడ చేరి, పేరూరు, రామగిరి మీదుగా ఇల్లు చేరినాం. పెట్రోలు డబ్బులు ఎవరిచ్చినారని అడగొద్దు.

ముందు మ్యాప్ సంగతి. మడకశిర ఆంధ్రది, దానికి మూడు పక్కలా కర్ణాటకే. పావగడ కర్ణాటకది, దానికి మూడు పక్కలా ఆంధ్రనే. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టుంటుంది. ఇది భాష చూసి గీసిన గీత కాదు. 1799లో టిప్పు చనిపోయినాక మైసూరు ఒడెయార్లకు దక్కింది, పావగడ ఆ పక్కనే ఉండిపోయింది. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చినాడు, దత్తమండలాలు అనేది వాటినే. ఒక పక్క కంపెనీ, ఒక పక్క మైసూరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా, 1956లో దేశమంతా రాష్ట్రాలను తిరగరాసినా ఇక్కడ దాదాపు ఆ పాత గీతే నిలబడింది. అందుకే పావగడ అంగట్లో తెలుగులో బేరం ఆడొచ్చు, మన అమరాపురంలో కన్నడం వినబడుతుంది. మడకశిర పక్క కన్నడ మీడియం సర్కారు బడులు ఇప్పటికీ ఉన్నాయి.

మాలో హిస్టరీ చదివేవాడు ఒకడున్నాడు. ఎక్కడ టీకి ఆపినా ఫ్రాన్సు సరిహద్దులోని అల్సాస్ గురించి మొదలుపెడతాడు. రైన్ నది ఒడ్డున ఉండే ఆ సీమ 1871లో జర్మనీకి పోయింది, మొదటి యుద్ధం అయినాక ఫ్రాన్సుకు వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీ, 1945లో మళ్లీ ఫ్రాన్సు. 1870లో పుట్టిన ముసలామె ఊరు దాటకుండానే నాలుగుసార్లు దేశం మారిందన్నమాట. వాళ్ల తిండి జర్మన్ తిండి లాగుంటుంది, పులియబెట్టిన క్యాబేజీ, మాంసం. ఊర్ల పేర్లు జర్మన్‌వే, ఏలేది ఫ్రాన్సు. ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్‌లో ట్రామ్ ఎక్కితే నది దాటి జర్మనీ ఊరు కేల్‌లో దిగొచ్చు, 2017 నుంచి. "మనకు ట్రామ్ ఎందుకురా, పావగడ బస్సు లేదా" అన్నాడు యెరుకల తమ్ముడు. నవ్వుకున్నాం గానీ ఆ ముసలామె మాట మూడు రోజులూ మా వెంటే వచ్చింది.

పెనుకొండలో ఎక్కువసేపు ఉండలేదు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ గోడ పొడవునా బండి నడిపి, కొండ కిందికి చేరినాం. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడినాక రాజధాని ఇక్కడికే వచ్చింది. గగన మహల్ ఎండలో కూడా చల్లగా ఉంటుంది. బాబయ్య దర్గాలో అన్ని కులాలవాళ్లూ కనబడతారు. కోట చూస్తా మేము మాట్లాడుకున్నది వేరే. ఇన్ని యుద్ధాలు జరిగినాయి కదా, సైన్యాలకు ఉప్పు, ధాన్యం ఎవరు మోసినారు? 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ఎద్దుల మీద గింజలు చేర్చింది బంజారాలే, ఇంగ్లీషోళ్ల రాతల్లో బ్రింజారీలు అని ఉంటుంది. రెండు పక్కల సైన్యాలూ మనవాళ్ల బిడారు జోలికి వచ్చేవి కావంటారు, తిండి ఆగిపోతుందని. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చినాయి, ఎద్దుల పని పోయింది. ఆ వెనకే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. తిరుగుతా బతికే జాతులు చాలా ఆ చట్టం కింద పోలీసు హాజరు వేసుకోవాల్సి వచ్చింది. యెరుకల వాళ్లకు అది ఇంకా గట్టిగా తగిలింది. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. కోట గోడ మీద రాజుల బోర్డు ఉంది, మోసినోళ్ల బోర్డు లేదు.

హిందూపురంలో పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. బొరుగులను నీళ్లలో నానేసి పిండి, తిరగమాతలో వేసి, పైన పుట్నాలపొడి చల్లేదే ఉగ్గాని. గీత దాటినాక అదే ఒగ్గరణె మండక్కి అవుతుంది. పేరు మారుతుంది, బజ్జి మారదు.

లేపాక్షి గురించి అందరూ రాస్తారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి తీసే ఫోటో మేము కూడా తీసుకున్నాం. అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. ఒకే రాతిలో చెక్కిన నంది ఊరి మొదట్లోనే కూర్చోనుంటుంది. మా కళ్లు మాత్రం గుడి పైకప్పు మీద ఆగినాయి. అక్కడ కిరాతార్జునీయం బొమ్మలున్నాయి. శివుడు వేటగాడి వేషంలో వస్తాడు, అడివి పందిని నేనే కొట్టినానంటే నేనే కొట్టినానని అర్జునునితో తగులాడుకుంటాడు. దేవుడు కూడా బాణం పట్టాలంటే మనలాంటోళ్ల వేషమే వేసుకోవాల్సి వచ్చింది చూడండి. చీరల అంచులు, జడలు, నగలు అంత సన్నగా వేసినవాళ్లు వేటగాడిని కూడా చిన్నచూపు లేకుండా వేసినారు. మాకు స్తంభం కంటే అది నచ్చింది.

హేమావతికి తక్కువమంది పోతారు, పోవాలి. అమరాపురం మండలంలో గీతకు ఆనుకొని ఉండే చిన్న పల్లె. వెయ్యేండ్ల కింద దీని పేరు హెంజేరు, నొళంబుల రాజధాని. నల్లరాతి స్తంభాలు గుండ్రంగా, నున్నగా మెరుస్తుంటాయి. సిద్ధేశ్వరస్వామి గుడిలో లింగం కాదు, శివుడు మనిషి రూపంలోనే కూర్చొని ఉంటాడు. రాజధాని అయిన ఊరు ఈ పొద్దు రెండు రాష్ట్రాలకూ చివరి ఊరు.

మూడో పొద్దు మడకశిర దాటి పావగడ చేరినాం. శనివారం కాబట్టి శనిమహాత్ముని గుడి దగ్గర ఆంధ్ర బండ్లే ఎక్కువ. ఊరు దాటి తిరుమణి పక్క పోతే భూమి కనబడదు, అద్దాలే. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్క్. భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన లేని చోట శెనక్కాయ వేసి మునిగేదాని కంటే నయమే అని భూమి ఉన్నోళ్లు అంటారు. మేకలు మేపుకునేటోళ్లకు, కూలికి పోయేటోళ్లకు కౌలు ఎవరిస్తారు? కంచె పక్క ఇరుకు దోవలో ఒకాయన గొర్రెలను తోలుకొని పోతా ఉండె. ఏ ఊరని అడిగితే తెలుగులోనే చెప్పినాడు.

అత్త వాళ్ల తండాలో రాత్రి తిన్న తిండి గురించి రాయకపోతే ఆమె మళ్లీ ఇంట్లోకి రానీదు. బాటి మన బాటే, జొన్నపిండిని చేత్తో తట్టి కాల్చింది. పండగకు కోసిన మేకతో సళోయి చేసినారు, నెత్తురు, మాంసం, కారం, ఉప్పు అంతే. పక్కనే రాగిముద్ద. మన సంగటిలో బియ్యం కలుస్తుంది, వాళ్లది ఉత్త రాగిపిండే, గట్టిగా గుండ్రంగా ఉంటుంది. నమలకూడదు, సారులో ముంచి మింగాల. మాలో ఒకడు నమిలితే పిల్లలంతా నవ్వినారు. చివర్లో ఓళిగ పెట్టినారు, వాళ్లు హోళిగె అంటారు. మాటలు మన గోర్ బోలీనే, అందులో మేము తెలుగు కలుపుతాం, వాళ్లు కన్నడం కలుపుతారు. సేవాలాల్ మహారాజ్ పుట్టింది మా గుత్తి దగ్గరి సేవాగడ్‌లో అని మేము అంటే, కాదు దావణగెరె పక్క సూరగొండనకొప్పలో అని వాళ్లన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఫిబ్రవరి 15న జయంతి పెద్దగా చేస్తారు. ఆయన బతికిన కాలంలో ఈ గీత లేదు కాబట్టి ఎవరూ గట్టిగా కొట్లాడలేదు.

అసలు మాట అప్పుడొచ్చింది. బావగారు పిల్లల సర్టిఫికెట్లు తీసి చూపించినారు. లంబాణి, షెడ్యూల్డ్ కులం. మా జేబుల్లో ఉన్నది సుగాలి, షెడ్యూల్డ్ తెగ. ఒకే నెత్తురు, ఒకే భాష, ఒకే సళోయి. గీతకు ఇటు ఎస్టీ, అటు ఎస్సీ. మహారాష్ట్రకు పోతే ఇదే బంజారా విముక్త జాతి. మా యెరుకల తమ్మునిది ఇంకా విచిత్రం. మన ఎస్టీ జాబితాలో యెరుకలతో పాటు కొరచ అనే పేరు కూడా ఉంది. కర్ణాటకలో అదే కొరచ ఎస్సీ జాబితాలో ఉంది. దీనికి తిరగబడి ఉండేది బోయల సంగతి. వాళ్లు అటు నాయక, ఎస్టీ. ఇటు మన అనంతపురం సీమలో బీసీ.

ఇవి పేర్ల తేడాలే కదా అనుకోవద్దు. రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే అని ఉంది. ఆంధ్రలో పుట్టి, బొంబాయిలో చదువుకొని, అక్కడ మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగిన విద్యార్థి కేసు ఉంది, మర్రి చంద్రశేఖరరావు కేసు. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన వలసపోయిన రాష్ట్రంలో ఆ హోదా రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. పెండ్లయి పోయిన ఆడపిల్లకు కూడా ఇదే లెక్క. కులం పుట్టుకతో వస్తుంది, మొగుని ఊరితో మారదు.

మా అత్త పెండ్లయిన కొత్తలో ఒక లోన్ కోసం అక్కడి ఒక ఆఫీసుకు పోయింది. మీ నాయన ఊరి కాగితం తెమ్మన్నారు. తెచ్చింది. ఇందులో ఎస్టీ అని ఉంది, మా దగ్గర లంబాణి ఎస్సీ కదా, ఇది చెల్లదు అన్నారు. సరే ఎస్సీ అని ఇవ్వండి అంటే, నువ్వు ఈ రాష్ట్రంలో పుట్టలేదు అన్నారు. లోన్ రాలేదు. ఆ ఇంట్లో పిల్లలు అక్కడే పుట్టినారు, వాళ్ల నాయన అక్కడివాడు, వాళ్లకు ఏ అడ్డూ లేదు. తల్లి ఒక్కతే ఏ జాబితాలో లేకుండా ఇన్నేండ్లు పొయ్యి కాడ కూర్చొనుంది. ఆమె ఇది నవ్వుతానే చెప్పింది. మాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే మా అక్క బీఎడ్ చేసింది, టెట్ పాసయింది, డీఎస్సీకి చదువుతోంది. కర్ణాటకలో టీచర్ పోస్టుకు దరఖాస్తు చేస్తే ఆమె జనరలే. ఆంధ్ర డీఎస్సీకైతే పెండ్లయి అటుపోయినా ఆమె ఎస్టీనే, నాలుగు నుంచి పది దాకా మన జిల్లాలోనే చదివింది కాబట్టి లోకల్ కూడా. కేంద్రం ఉద్యోగాలకు, రైల్వేకు, బ్యాంకులకు ఎక్కడ కాపురం ఉన్నా మన ఎస్టీ సర్టిఫికెట్ చెల్లుతుంది. ఇదంతా మేము ఆ రాత్రి పిల్లోని ముందే చెప్పినాం. పెండ్లి చూపులకు పోయి చట్టం చెప్పే బామ్మర్దులను అతను ఎప్పుడూ చూసి ఉండడు. గ్రూపులో అక్కచెల్లెండ్లు చాలామంది ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు గీత పక్కల తండాల్లో ఇట్లాంటి పెండ్లిండ్లు ఏటా అవుతాయి. కట్నం, బంగారం మాట్లాడే పెద్దోళ్లు సర్టిఫికెట్ మాట ఎత్తరు. బెంగుళూరులో పీజీకి పోయే తమ్ముళ్లు కూడా రాష్ట్రం కోటా ఏది, కేంద్రం కోటా ఏది అని ముందే చూసుకోండి.

తిరుగు దోవలో నాగలమడిక దగ్గర పెన్న దాటినాం. ఈ నది కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం పక్క మన దాంట్లోకి వస్తుంది. రొద్దం దాటి మళ్లీ పావగడ తాలూకాలోకి పోతుంది. పేరూరు దగ్గర మళ్లీ మన దాంట్లోకి వస్తుంది. ఆ పొద్దు అందులో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. పేరూరు డ్యాం కట్ట మీద బండ్లు ఆపి, ఉడకబెట్టిన పచ్చి శెనక్కాయలు తిన్నాం. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతా ఉండె. ఆ కొండల కింద బంగారం గనులు ఎప్పుడో మూతపడినాయి.

పిల్లోని విషయం చెప్పలేదు కదా. మంచోడు. బొలెరోలో టమాటాలు మార్కెట్‌కు తోలుతాడు, తాగుడు లేదు. వాళ్ల అవ్వ ఇంకా అద్దాల కాంచళి, ఫేటియానే కట్టుకుంటుంది. మా చట్టమంతా విని ఆమె, "మా తాతల కాలంలో తండా ఒక చోట నిలబడేదా? మేత ఎక్కడుంటే ఎద్దులు అక్కడికి పోయేవి. పిల్లకు ఆ పక్క ఉద్యోగం వస్తే వీడే పోతాడు. బండి తోలేటోనికి ఆ ఊరైతేనేం, ఈ ఊరైతేనేం" అనింది. పిల్లోడు తల వంచుకొని నవ్వినాడు, కాదనలేదు.

ఇంటికొచ్చి పెద్దోళ్లకు అన్నీ చెప్పినాం. డీఎస్సీ పరీక్ష అయినాకే ముహూర్తం అని ఇరుపక్కలా ఒప్పుకున్నారు. అక్క మాత్రం ఇల్లెట్లుంది, పిల్లోడు ఎట్లున్నాడు అని అడగలేదు. "పేరూరు నుంచి ఆ తండాకు బస్సు ఉందా?" అనింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉందని చెప్పినాం.