తెల్లకాగితం మీద తాత వేలిముద్ర

2022 ఎండాకాలం. ఆ ఆదివారం యూత్ మీటింగ్‌లో నేను మాట్లాడాలి. టాపిక్: దేవుని జ్ఞానం, లోక జ్ఞానం. యాకోబు పత్రిక మూడో అధ్యాయం. మా చర్చిలో డిగ్రీ దాటి చదివినవాళ్లు తక్కువ కాబట్టి ఇలాంటివి నా మీదే పడతాయి. నిజం చెప్పాలంటే, పడాలని నేనూ కోరుకుంటాను.

ఫోన్‌లో రెండు గడులతో ఒక పట్టిక తయారు చేసుకున్నాను. ఎడమ పక్క లోక జ్ఞానం: బెట్టింగ్ యాప్‌లు, తాగుడు, స్టేటస్‌లో గొప్పలు, పొద్దంతా రీల్స్. కుడి పక్క దేవుని జ్ఞానం: ప్రార్థన, ఉపవాసం, వాక్యం. పూర్తయ్యాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఎడమ పక్క రాసినవాటిలో రీల్స్ తప్ప నేను చేసేది ఒక్కటీ లేదు మరి.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది.

సొంత పెద్దమ్మ కాదు. మా పొలం పక్క పొలం వాళ్లు. నాన్న ఆమెను వదినె అంటాడు, అందుకని నాకు పెద్దమ్మ. పెద్దనాయన పోయి అప్పటికి ఏడాది. చీర కొంగులో మడిచి తెచ్చిన ప్లాస్టిక్ కవర్ తీసి, అందులోంచి ఒక కాగితం బయట పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. కింద మూలన మా తాత వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు.

"తమ్మీ, నేను బతికుండంగనే ఇది నా పేరు మీద చేయించు" అంది నాన్నతో.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద ఊరు మాది. మంజీర మీద ఆ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లొచ్చాయి కాబట్టి ఇక్కడ చెరకు వచ్చింది, చెరకు వచ్చింది కాబట్టి శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు చేన్లు చాలావరకు వరి మళ్లయ్యాయి. ఏది మూతపడ్డా కాలువ కింద భూమి ధర మాత్రం ఆగలేదు.

1998లో మా మేనత్త పెళ్లికి తాత ఒక ఎకరం అమ్మాడు. 42 వేలకు. రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. తెల్లకాగితం మీద రాసుకున్నారు, దాన్నే సాదాబైనామా అంటారు. అప్పట్లో మా వైపు సగం భూములు ఇట్లాగే చేతులు మారాయి. పత్రం కన్నా మాట పెద్దది అనుకునే రోజులు. పెద్దనాయన అప్పటి నుంచి ఆ ఎకరం దున్నుకుంటూనే ఉన్నాడు. పాత పహాణీలో పట్టాదారు అని ఒక గడి, అనుభవదారు అని ఇంకో గడి ఉండేవి. రెండో గడిలో పెద్దనాయన పేరు ఉండేది. కొత్త పాసుపుస్తకాలు వచ్చినప్పుడు ఆ రెండో గడి తీసేశారు. 2020లో ధరణి వచ్చాక ఫోన్‌లో సర్వే నంబర్ కొడితే కనిపించేది ఒకటే పేరు. తాత పోయాక నాన్న పేరు మీదికి వచ్చింది.

2018లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు, తర్వాత 5 వేలు. మొదటి విడత చెక్కు రాగానే నాన్న బ్యాంకుకు పోయి తెచ్చి, ఆ ఎకరం పైసలు పెద్దనాయన చేతిలో పెట్టాడు. మొదట్లో ప్రతిసారీ అంతే. 2020 లాక్‌డౌన్‌లో నాన్న పని చేసే రైస్‌మిల్లులో పని తగ్గింది. ఆ విడత ఇవ్వలేదు. తర్వాతదీ ఇవ్వలేదు. పెద్దనాయన అడగలేదు. మొత్తం నాలుగు విడతలు, 20 వేలు.

సాదాబైనామాలను ఉచితంగా క్రమబద్ధం చేస్తామని అదే 2020లో ప్రభుత్వం దరఖాస్తులు పెట్టుకోమంది. పెద్దనాయన మీసేవలో పెట్టాడు. లక్షల మంది పెట్టారు. కోర్టు దగ్గర ఆగిపోయింది. అది ఆగి ఉండగానే ఆయన పోయాడు. ఇక మిగిలిన దారి ఒకటే. పట్టాదారు, అంటే నాన్న, తహసీల్దార్ ఆఫీసుకు వచ్చి మళ్లీ అమ్మినట్టు రిజిస్ట్రేషన్ చేసివ్వాలి. పెద్దమ్మ అడిగింది అదే.

నాన్న "చూద్దాం వదినె" అన్నాడు. ఆమె కాగితం మడిచి వెళ్లిపోయింది.

సాయంత్రం మా సంఘంలో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. పేరెందుకు? చెడ్డవాడని అనను. నాకు జ్వరమొస్తే రాత్రి పూట నిజామాబాద్ ఆస్పత్రికి బండి కట్టించిన మనిషి. విషయం విని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత, ఇది దేవుడు తెరిచిన తలుపు అన్నాడు. నీ కొడుకు పైచదువు కోసం ఏడాదిగా ప్రార్థన చేస్తున్నవు గదా, ఇదే జవాబు అన్నాడు. "సంతకం పెట్టకు. పెట్టనని కూడా అనకు. చూద్దాం చూద్దాం అను. రెండేండ్లల్ల ఆమెనే అలిసిపోతది. గొడవ లేకుంట అయిపోతది." పాము తెలివి గురించి యేసు చెప్పిన మాట కూడా ఎత్తాడు. దాని పక్కనే ఉన్న పావురం మాట ఎత్తలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఐర్లాండ్‌లో ఎంఎస్‌కు నాకు సీటు వచ్చి ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన లెక్క 18 లక్షలు. అప్పటికి మా దగ్గర ఎకరం 20 లక్షలకు తక్కువ లేదు. ఈ రెండు అంకెలు నా తలలో ఎప్పుడు పక్కపక్కన కూర్చున్నాయో నాకే తెలియదు.

పెద్దమనిషి ఒక మెట్టు ఎక్కితే నేను నాలుగు ఎక్కాను. తాతకు చదువు రాదు, ధర తెలియక అమ్మాడు అన్నాను. పెద్దమ్మ కొడుకులిద్దరూ దుబాయ్‌లో ఉన్నారు, వాళ్లకేం తక్కువ అన్నాను. చట్ట ప్రకారం పట్టాదారు ఎవరు అని నాన్నకు ధరణి పేజీ తెరిచి చూపించాను. 18 లక్షలు సంపాదించాక వాళ్లకు ఎంతో కొంత ఇచ్చేద్దాం అని కూడా అన్నాను. ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు, చూసుకోండి. అన్నీ ఎంతో కొంత నిజాలే.

నానమ్మ మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "గా పైసలతోని మీ అత్త పెండ్లి చేసినం. మనం తిన్నం గదరా."

"అది కాదు నానమ్మా, నీకు తెల్వదు" అన్నాను.

రాత్రి స్పీచ్ పూర్తి చేద్దామని బైబిల్ తీశాను. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు, కానీ మొదలెక్కడో ఎప్పుడూ పట్టించుకోలేదు. బోధకులు కావాలని తొందరపడేవాళ్లకు హెచ్చరికతో మొదలవుతుంది. తర్వాత నాలుక గురించి. ఆ తర్వాతే జ్ఞానం సంగతి. అంటే యాకోబు మాట్లాడుతున్నది బయట తాగి పడిపోయినవాడితో కాదు. సంఘం లోపల మాటకారితనం ఉన్నవాడితో. నాలాంటివాడితో. నా పట్టికలో ఎడమ పక్క గడి మొత్తం తప్పు మనుషులతో నింపాను.

పై నుంచి వచ్చే జ్ఞానం ఎట్లా ఉంటుందో చెప్తూ ఆయన మొదట స్వచ్ఛతను పెట్టాడు, సమాధానాన్ని రెండోదిగా పెట్టాడు. ఈ వరుస నాకెప్పుడూ కనబడలేదు. "గొడవ లేకుంట అయిపోతది" అన్న మాట సాయంత్రం నాకు ఎంత శాంతంగా వినిపించిందో! అది శాంతి కాదు, ఒక ముసలామె అలిసిపోయేదాకా ఎదురుచూడటం. ఇంకో లక్షణం కూడా ఉంది ఆ వరుసలో. ఎదుటివాళ్లు చెప్తే వినే గుణం. నా దగ్గర ఆ రోజు అందరికీ జవాబు ఉంది. నానమ్మకు కూడా. అసలు నానమ్మ చెప్పినదానికి జవాబు లేదు కాబట్టే నీకు తెల్వదన్నాను.

నా స్పీచ్‌లో సొలొమోను కథ పెట్టుకున్నాను, బిడ్డ కోసం కొట్లాడిన ఇద్దరు ఆడవాళ్ల తీర్పు. ఆ కథ చెప్పినప్పుడల్లా కత్తి తెమ్మన్న తెలివికే చప్పట్లు పడతాయి. కానీ ఆ ఇద్దరికీ కాగితం లేదు, సాక్షి లేడు. ఇద్దరి వాదనా ఒకటే. తేలింది వాదన వల్ల కాదు, బిడ్డ బతకాలని తన హక్కు వదులుకున్నది ఎవరో చూడటం వల్ల. అదే సొలొమోను ముసలితనానికి జనం మీద వెట్టిచాకిరీ మోపిన రాజయ్యాడు. జ్ఞానం ఒకసారి వచ్చి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా పడి ఉండేది కాదన్నమాట.

మరి లెక్కలు వేయడమే లోక జ్ఞానమా? కాదనుకుంటాను. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం 1915లో మొదలైన విక్టోరియా ఆస్పత్రి ఉంది. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అనే మిషనరీలు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కుష్ఠు వచ్చినవాళ్లను ఊరి బయటికి తరిమేసేవారు. దూరంగా ఉండటమే తెలివి అని అందరికీ తెలుసు. భూమి, కట్టడాలు, మందులు, మనుషులు, అన్నిటికీ కెర్ దంపతులు కూడా లెక్క వేసే ఉంటారు. వేయకపోతే ఆస్పత్రి నిలబడదు. దానికి పెద్ద మొత్తం విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ క్రైస్తవుడు కాదు. పై నుంచి వచ్చే జ్ఞానం చర్చి రిజిస్టర్ చూసి దిగదని ఆయన్ని తలుచుకున్నప్పుడు అనిపిస్తుంది. వాళ్లదీ లెక్కే, నాదీ లెక్కే. వాళ్ల లెక్క మొత్తంలో రోగి ఉన్నాడు. నా లెక్కలో పెద్దమ్మ లేదు, పాత పహాణీలోని రెండో గడి లాగే ఆమెను తీసేశాను.

శనివారం రాత్రి నాన్న దగ్గరికి పోయాను. వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు, నిద్రపోలేదు.

"నాన్నా, పెద్దమ్మకు చేసిద్దాం" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "నాకెరుకనే బిడ్డా" అన్నాడు చివరికి. "మొన్ననే చేద్దామనుకున్న. నువ్వు మస్తు ఆశ పెట్టుకున్నవని ఆగిన. నాతోని నీకు ఏమీ కాలేదనుకుంటవేమో అని."

ఆ మాటకు నేనేం జవాబు చెప్పలేదు. ఆ వారంలో నా దగ్గర జవాబు లేని రెండో మాట అది.

ఆదివారం మీటింగ్‌లో పట్టిక చూపించలేదు. స్పీచ్ బాగా రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. మా ఇంట్లో ఇట్లా జరుగుతోంది, నేను ఇట్లా అన్నాను అని చెప్పి కూర్చున్నాను. ఎవరో దగ్గారు. తర్వాత టీ తాగేటప్పుడు ఒక తమ్ముడు దగ్గరికొచ్చి, మాది కూడా గిసోంటిదే ఒకటి ఉందన్నా అన్నాడు. ఇంకేం చెప్పలేదు. పెద్దమనిషి మాత్రం కొన్ని నెలలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. ఇప్పుడు బాగానే ఉన్నాం.

స్లాట్ బుక్ చేసింది నేనే. తహసీల్దార్ ఆఫీసులో నాన్న వేలిముద్ర పడటానికి నాలుగుసార్లు ప్రయత్నించారు, మిల్లులో బస్తాలు మోసి గీతలు అరిగిపోయాయి. స్టాంపు ఖర్చులు పెద్దమ్మ కొడుకులు పంపారు. కొన్న భూమికే మళ్లీ పైసలు కట్టాల్సి వచ్చిందని ఆమె ఆఫీసు మెట్ల మీదే గొణిగింది. ఫొటో తీసేటప్పుడు కెమెరా వైపు చూడమంటే నాన్న వైపు చూసింది.

బయటికొచ్చాక చెట్టు కింద కూర్చున్నాం. ఆమె దండం పెడుతుందనో, ఏడుస్తుందనో నేను లోపల ఎక్కడో సిద్ధపడి ఉన్నాను, ఒప్పుకుంటాను. పెద్దమ్మ చెరకు రసం గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"మీ గుడిల ఏం చెప్తరో నాకెర్క లేదు గని తమ్మీ, రైతుబంధు పైసలు నాలుగు పంటలయి ఉన్నయి. అవెప్పుడిస్తవు?"

నాన్న నా వైపు చూశాడు. నేనిస్తాను పెద్దమ్మా, ఉద్యోగం రాగానే ఇస్తాను అన్నాను.

ఐర్లాండ్ పోలేదు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం, సగం నైట్ షిఫ్టులు. సీటు వచ్చిన స్నేహితుల ఫొటోలు ఇన్‌స్టాలో చూసినప్పుడు గుండెలో ఏమీ కాదని చెప్తే అది అబద్ధం. మా ఊళ్లో ఎకరం ఇప్పుడెంత ఉందో అప్పుడప్పుడు అడిగి తెలుసుకుంటాను కూడా. ఎందుకడుగుతానో నాకు తెలుసు.

పెద్దమ్మకు స్మార్ట్‌ఫోన్ లేదు. మనవడి నంబర్‌కు ఫోన్‌పే చేస్తాను, విడతకు 5 వేలు. మూడు అయ్యాయి. ప్రతిసారీ గంటలోపల వాడి ఫోన్ నుంచి ఆమె మాట్లాడుతుంది. మంచిగున్నవా, తిన్నవా అని ఏమీ ఉండదు.

"ముట్టినయి రా. ఇంకొకటి ఉంది. యాది ఉన్నదా?"