ఇప్పుడేం చదువుతున్నారు?

పుస్తకాలమీద అభిమానం గల ఇద్దరు కలుసుకున్నప్పుడు కుశలప్రశ్నలు పూర్తికాకముందే వచ్చే ప్రశ్న ఒకటున్నది: "ఇప్పుడేం చదువుతున్నారు?" చాలా సాధారణమైన ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని నా అనుభవంలో మనుషులు తమ వయస్సును గురించీ, జీతాన్ని గురించీ ఆడే అబద్ధాలకంటె ఈ ప్రశ్నకు జవాబుగా ఆడే అబద్ధాలే ఎక్కువ. ఇతరుల మాట నాకెందుకు? నేను ఆడిన అబద్ధం ఒకటి చెబుతాను. దానివల్ల నాకు కొంత బుద్ధి వచ్చింది గనక, అది తోటి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ పనికిరావచ్చునని నా ఆశ.

నేను పనిచేసే కళాశాల కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్నంలో ఉన్నది. మూడేళ్ళ కిందట మేము పదిమందిమి చేరి, నెలకొకసారి, రెండో శనివారం సాయంకాలం, ఒక ఇంటి వరండాలో కూచోవటం మొదలుపెట్టాం. మాలో ఇద్దరు బడిపంతుళ్ళు, రిటైరైన పోస్టుమాస్టరుగారు ఒకరు, బ్యాంకు గుమాస్తా ఒకరు, అయిదుగురు విద్యార్థులు ఉన్నారు. అధ్యక్షుడు లేడు, ఉపన్యాసాలు లేవు, వందన సమర్పణ అంతకన్నా లేదు. నియమం ఒక్కటే: ప్రతివారూ తాము ప్రస్తుతం చదువుతున్న పుస్తకాన్ని గురించి అయిదారు నిమిషాలు మాట్లాడాలి. చదివేసిన పుస్తకాన్ని గురించి మాత్రం కాదు. ఈ నియమం పోస్టుమాస్టరుగారు పట్టుబట్టి పెట్టించారు. చదవటం పూర్తిచేసినవాడు తీర్పులు చెప్పి కూచుంటాడనీ, మధ్యలో ఉన్నవాడయితే తనకు కలిగిన సందేహాలు చెబుతాడనీ, పదిమందికీ కావలసింది ఆ సందేహాలేననీ ఆయన వాదన. నాకీ నియమం బాగానే ఉన్నదనిపించింది. అది మొదట నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

నా వంతు వచ్చినప్పుడు, "మాలపల్లి మళ్ళీ చదువుతున్నాను," అన్నాను. ఇందులో "మళ్ళీ" అన్న మాట అబద్ధం. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని నేను ఎనిమిదేళ్ళుగా తరగతిలో బోధిస్తున్నాను. ఆయన దాన్ని రాయవెల్లూరు జైల్లో ఉండి రాశాడనీ, 1922లో వెలువడిందనీ, దానికి సంగవిజయమని మరొక పేరున్నదనీ, కాశీనాథుని నాగేశ్వరరావుగారు పీఠిక రాశారనీ, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించిందనీ, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినదాకా ఆ చెర పూర్తిగా వదలలేదనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎమ్మే పరీక్షలో ఆ నవలపై నేను రాసిన జవాబుకు మంచి మార్కులే వచ్చాయి. కాని పుస్తకాన్ని నేను మొదటినుంచి చివరిదాకా చదవలేదు. మొదటి భాగం కొంత, సంగదాసు మరణించే ఘట్టం, చివరి ప్రకరణాలు కొన్ని — ఇవి చదివాను. తక్కినదంతా నోట్సు. మా గురువుగారు వారి గురువుగారినుంచి తీసుకున్న నోట్సు నాకు ఇచ్చారు, నేను నా విద్యార్థులకిచ్చాను. ఈ పద్ధతిలో ఒక నవల ఎవరూ చదవకుండానే యాభైయేళ్ళపాటు పాఠ్యగ్రంథంగా బతకవచ్చు.

నేను మాట్లాడటం ముగించాక, మా బి.ఏ. విద్యార్థిని ఒకామె, "మాస్టారూ, మీరెంతవరకు వచ్చారు?" అని అడిగింది. సగం దాటిందన్నాను. ఆ అమ్మాయి ముఖం వికసించింది. తరగతిలో నేను అంతగా మెచ్చుకున్నందువల్ల ఆ పుస్తకాన్ని గ్రంథాలయంనుంచి తీసుకుపోయిందట. రాత్రిపూట అన్నాలయాక వాళ్ళ నాయనమ్మకు చదివి వినిపిస్తున్నదట. నాయనమ్మకు అక్షరాలు రావు. పదేళ్ళప్పటినుంచి అరవైయేళ్ళు వచ్చినదాకా నాట్లూ, కలుపులూ, కోతలూ తప్ప మరొకటి ఎరగని మనిషి. చౌదరయ్యకూ కూలీలకూ తగాదా వచ్చే చోట ఆమె చదువు ఆపించి ఒక ప్రశ్న వేసిందట.

"కూలి గింజల్లో ఇస్తానంటున్నాడా, డబ్బులిస్తానంటున్నాడా? గింజలయితే ఎవరి కుంచంతో కొలుస్తాడు?"

"నాకు సరిగా అర్థంకాలేదు, మాస్టారూ. మీరు చెబుతారని వచ్చాను," అన్నది అమ్మాయి.

నేను చెప్పలేకపోయాను. అది ముఖ్యమైన విషయం కాదన్నట్టుగా ఏదో గొణిగి, నవలలోని ఆదర్శవాదాన్ని గురించి నాలుగు ముక్కలు చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా తల ఊపింది. తరగతిలో పిల్లలు అలా తల ఊపటం నేను రోజూ చూస్తూనే ఉంటాను. అది అర్థమయిందని ఊపటం కాదనీ, "మీతో ఇక లాభం లేదు" అని ఊపటమనీ ఆ సాయంకాలమే గ్రహించాను.

ఆ రాత్రి మాలపల్లి మొదటి పేజీ తెరిచాను. పూర్తిచేయటానికి ఆరు వారాలు పట్టింది.

అంతకు ముందు నాకు తెలియని సంగతులు చాలా తెలిశాయి. నా నోట్సులో దాన్ని "హరిజనోద్ధరణ నవల" అని రాసి ఉన్నది. గాంధీగారు "హరిజన" అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది 1932 తరవాత. నవల వచ్చింది అంతకు పదేళ్ళ ముందు. ఎనిమిదేళ్ళు ఆ వాక్యం చెబుతూ ఈ చిన్న లెక్క నేను వేసుకోలేదు. ఉద్ధరణ అన్న మాట అంతకన్నా తప్పు. ఆ నవలలో రామదాసు ఎవరిచేతనూ ఉద్ధరించబడవలసినవాడు కాడు. వేదాంతం తెలిసినవాడు, తన బతుకు తాను గౌరవంగా బతుకుతున్నవాడు. అతని కొడుకుల్లో సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరుగా ఉంటూనే ఆయన కొడుకు రామానాయుడికి స్నేహితుడై, కూలీల పక్షాన నిలబడతాడు. వెంకటదాసు ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టే దారి పట్టాడు. తండ్రిది ఒక మార్గం, కొడుకులవి రెండు మార్గాలు. ఒకే ఇంట్లో ఈ మూడూ ఉండి, ఏ ఒక్కటీ తేలికగా గెలవకపోవటమే ఆ నవలకు ప్రాణమని నాకు తోచింది. నోట్సులో దీన్ని "గాంధేయ ఆదర్శాల ప్రభావం" అన్న మూడు మాటల్లో ముగించాం.

ఇక నాయనమ్మ ప్రశ్న. కూలి గింజల్లోనా, డబ్బులోనా అన్నది ఆ తగాదాలో ఎంత పెద్ద విషయమో పుస్తకం చదివి, ఆ కాలపు చరిత్ర కొంచెం తిరగేశాక గానీ నాకు బోధపడలేదు. మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో మద్రాసు రాష్ట్రమంతటా ధరలు మండిపోయాయి. 1918లో అనేక చోట్ల జనం అంగళ్ళమీద పడి తిండిగింజలు దోచుకున్నారు. అటువంటి కాలంలో కూలి గింజల్లో వస్తే కూలివాడి ఇంట పొయ్యి వెలుగుతుంది. అదే కూలి పాత రేటుకు డబ్బులో వస్తే ధర పెరిగిన మేరకు అతని కడుపు మాడుతుంది, ఆ పెరిగిన ధర ఆసామి గాదెలో చేరుతుంది. ధరలు పడిపోయిన ఏడు ఇదంతా తలకిందులవుతుంది. అప్పుడు గింజలే ఇస్తామంటారు. అంటే కూలి ఎంత అన్నదానికంటె, దేనిలో ఇవ్వాలో నిర్ణయించే హక్కు ఎవరిది అన్నది అసలు ప్రశ్న. కుంచం ఎవరిదన్నది దానికి తోడబుట్టిన ప్రశ్న. ఇది అర్థశాస్త్రం చదివినవాళ్ళు చాలా పేజీల్లో చెప్పే విషయం. ఆమె రెండు వాక్యాల్లో అడిగింది. కళ్ళంలో నిలబడి కొలత చూసుకున్న మనిషి గనక అడిగింది.

తరవాతి నెల వరండాలో నేను నిజం చెప్పేశాను. పుస్తకం పూర్తిగా చదవకుండా ఎనిమిదేళ్ళు పాఠం చెప్పాననీ, కిందటి నెల చెప్పింది అబద్ధమనీ అన్నాను. ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారనుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. బ్యాంకు గుమాస్తా మాత్రం నవ్వి, తాను ఆర్నెల్లుగా "చదువుతున్న" యుద్ధము-శాంతి నలభయ్యో పేజీ దాటలేదని చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. "మరి మా తరగతివాళ్ళకు కూడా చెబుతారా?" అని అడిగింది. చెప్పాను. నాకు గౌరవం తగ్గిందో లేదో తెలియదు. ఆ ఏడు మాలపల్లి తెచ్చి చదివినవాళ్ళు మాత్రం నలుగురయ్యారు. అంతకు ముందు ఏటా ఒక్కరు కూడా ఉండేవారు కాదు.

మాలో అసలైన చర్చ ఆ తరవాత జరిగింది. సంగదాసు చచ్చిపోయాక నాయనమ్మకు పుస్తకంమీద కోపం వచ్చిందట. చౌదరయ్య కొట్టిన దెబ్బకు అతను పోతాడు; ఆపైన అతని పేరు నిలుస్తుంది, అతని పేరున మంచి పనులు జరుగుతాయి. "ఆ పిల్లాణ్ణి బతికుండనిస్తే ఏం చేసేవాడో రాసినాయనకు తెలియలేదు కామోసు. మావాళ్ళు చచ్చాక అందరూ మంచివాళ్ళనే అంటారు," అన్నదట. అమ్మాయి ఆ మాటే తన మాటగా వాదించింది. మాలపల్లి రాసినాయన మాలపల్లెలో పుట్టినవాడు కాడనీ, అందువల్లనే తన నాయకుణ్ణి పూజించగలిగాడు గాని బతికించలేకపోయాడనీ అన్నది.

నేను ఒప్పుకోలేదు. 1922లో తెలుగుదేశంలో వ్యవసాయ కూలీల సంఘమన్నది ఎవరూ కళ్ళతో చూసి ఎరగరు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ అలగానిపాడులో కూలీలను కూడగట్టింది 1930లలో. కళ్ళముందు లేనిదాన్ని రచయిత ఎంతవరకు రాయగలడు? సంగదాసు చావు రచయిత బలహీనత కాదనీ, ఆనాటి బలాబలాలకు అది సరైన లెక్క అనీ నేను వాదించాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాని మునుపు ఈ అభిప్రాయాన్ని నేను తిరుగులేని సత్యంలాగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పేటప్పుడు, ఎదురుగా ఆ ముసలామె కూచున్నట్టే ఉంటుంది. రచయిత ఊహించలేకపోయాడన్నది నిజమయితే, ఊహించలేకపోవటానికి కాలం ఎంత కారణమో, కులం ఎంత కారణమో విడదీసి చూపటం విమర్శకుడి పని. ఆ పని నేనింకా చేయలేదు.

మనం, అంటే అభ్యుదయ సాహిత్యాన్ని కోరేవాళ్ళం, "ప్రజల కోసం సాహిత్యం" అనే మాట తరుచుగా వాడతాం. ఆ ప్రజలను పాఠకులుగా లెక్కపెట్టటం మాత్రం మరిచిపోతాం. మన పెద్దలు మరిచిపోలేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులు మహాసభ జరుపుకున్ననాటికి మనదేశంలో చదువు వచ్చినవాళ్ళు బహు తక్కువ. అయినా ఊరూరా గ్రంథాలయం కావాలన్నారు, ఎందుకంటే ఒకడు చదివితే పదిమంది వింటారని వారికి తెలుసు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలవమీద పడవలో పుస్తకాలు వేసి రేవురేవుకూ పంపించారు. ఇవాళ అక్షరాలు వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారు, నవల సారాంశం చేతిలోని ఫోనులో పది నిమిషాల్లో దొరుకుతున్నది. కాని సారాంశాన్ని మధ్యలో ఆపి, "కుంచం ఎవరిది?" అని అడగటానికి వీలులేదు. పక్కన మనిషి ఉండి చదివితేనే ఆ ప్రశ్న పుడుతుంది.

అందుకే "ఇప్పుడేం చదువుతున్నారు?" అన్నది కాలక్షేపం ప్రశ్న కాదంటాను. ఉపాధ్యాయులను విద్యార్థులు తరుచుగా ఈ ప్రశ్న అడగాలి. జవాబు చెప్పాక, ఎంతవరకు వచ్చారని కూడా అడగాలి. మనలో కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆ ఇబ్బంది వల్ల ఎవరూ చావరు.

నా మట్టుకు నేను వట్టికోట ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి చదువుతున్నాను. "మళ్ళీ" కాదు, మొదటిసారే. ఆయన ఇతరుల ఇళ్ళలో వంటచేసి బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి. సగానికి ఇంకా రాలేదు. అమ్మాయి ఇప్పటికే ఒక ప్రతి సంపాదించి నాకంటె ముందు పోతున్నది, రాత్రిపూట పైకి చదువుతున్నది గనక. వచ్చే రెండో శనివారానికి నాయనమ్మ దగ్గరనుంచి ఏ ప్రశ్న వస్తుందో అని నేను కొంచెం భయంతోనే పేజీలు తిప్పుతున్నాను.