ఐదుసీమల పటం

మా వాడు ఎనిమిదో తరగతి. అక్టోబరులో అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు వచ్చిన రోజు సాయంత్రం వాడి లెక్కల లాంగ్ నోట్సు తిరగేస్తుంటే, వెనక ముప్పై పేజీల దాకా లెక్కలు లేవు. పటాలున్నాయి. కొండలు, నదులు, కోటలు, అడవులు, వాటి మధ్య చుక్కల గీతలతో దారులు. సోషల్‌లో వచ్చినవి 80కి 49.

ఇన్ని పటాలు గీసేవాడికి సోషల్‌లో 49 ఎందుకొచ్చాయని అడిగి ఉండాల్సింది. అడగలేదు. నోట్సు తీసుకెళ్ళి బీరువా మీద సూట్‌కేసు వెనక పెట్టేశాను. ఏడాది పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. వాడు ఏడవలేదు, గొడవ చేయలేదు. సరే అన్నాడు. ఆ తర్వాత మూడు వారాలు అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప వాడంతట వాడు నాతో ఏమీ మాట్లాడలేదు. అంతకుముందు బస్సు దిగి లిఫ్టు ఎక్కేలోపే కబుర్లు మొదలుపెట్టేవాడు.

ఒక రాత్రి మా ఆవిడ అంది, "దాచారు సరే, అందులో ఏముందో అసలు చూశారా?" అని. చూడలేదు. కుర్చీ వేసుకుని నోట్సు కిందికి దించాను.

అది ఒక ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అని మొదలుపెట్టిన ఆటకు దూరపు చుట్టం. దీనికి బోర్డు ఉండదు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "నేను వంతెన దాటుతాను" అని ఒకడంటే, దాటాడా, నదిలో పడ్డాడా అన్నది పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక వీళ్ళ దగ్గర లేదు. 1 నుంచి 20 దాకా చీటీలు రాసి పాత జామెట్రీ బాక్సులో వేసుకున్నారు. ఐదుగురు పిల్లలు, స్కూలు బస్సులో యాభై నిమిషాలు, ఇదీ సంగతి. లోకం పేరు ఐదుసీమలు. నిప్పుసీమ, రాతిసీమ, మంచుసీమ, కోనలసీమ, ఓడలసీమ. ఎవరి సీమను వాళ్ళే గీయాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఇది మొదటి పేజీలోనే ఎర్ర ఇంకుతో రాసిన నియమం. ఐదుగురిలో ఇద్దరికి గీయడం రాదు కాబట్టి వాళ్ళు చెబుతుంటే వాళ్ళ సీమలు మా వాడు గీసిపెడతాడు. నిప్పుసీమ, కోనలసీమ మాత్రం వాడి సొంతం. పటం నిలబెట్టినందుకు వాడికి ఒకటి ఎక్కువ ఇచ్చారట. ఒకడు కథ నడిపేవాడు, వాడికి సీమ లేదు.

నేను కాలువల డిజైన్లు చూసే ఇంజినీరును. పటం చూస్తే చెయ్యి ఊరుకోదు. ఒక నది తూర్పు సముద్రపు ఒడ్డున పుట్టి, కొండల వరుస ఎక్కి దిగి, పడమటి సముద్రంలో కలుస్తోంది. పెన్సిలుతో పక్కన రాశాను, నీళ్ళు పల్లానికే పోతాయి అని. ఇంకో నది కొండల్లోనే మూడు పాయలై మూడు వైపులకు పోతోంది. నదులు కలుస్తాయి గాని చీలవు అని రాశాను. మర్నాడు నోట్సు వాడి చేతికిచ్చాను. ముందు వాడి ముఖం వెలిగింది, తర్వాత పెన్సిలు రాతలు కనబడ్డాయి.

"నా పటం మీద రాశావా?"

తప్పు చేసినట్టే అనిపించింది. కానీ వాడు రెండో మాట చదివి ఆగాడు. "చీలవా? మరి ధవళేశ్వరం దగ్గర చూపించావు కదా నాన్నా?"

చూపించాను. పోయిన సంక్రాంతికి వాళ్ళ అమ్మమ్మగారి ఊరు కోనసీమ వెళ్తూ బ్యారేజీ మీద కారాపి, ఇక్కడి నుంచి గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది అని చెప్పింది నేనే. నాకు నోట మాట రాలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పాను. గోదావరి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. దారిపొడుగునా మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలుస్తూనే ఉంటాయి. వాలు ఉన్నంతసేపూ నీళ్ళు ఒకే దారిలో పోతాయి. సముద్రం దగ్గరపడి నేల చదునైపోయాక వేగం తగ్గుతుంది, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దింపేస్తుంది. ఆ ఒండ్రే అడ్డమై నదిని చీలుస్తుంది. అమ్మమ్మ వాళ్ళ కొబ్బరితోట ఉన్నది ఆ దింపిన మట్టి మీదే. వాడు విని, పెన్సిలు రాతలో 'చీలవు' కొట్టేసి 'కొండల్లో చీలవు' అని దిద్దాడు. పాయలను తీసుకెళ్ళి కోనలసీమ తీరంలో పెట్టాడు. కోనలసీమ ఎవరి ఊరో నాకు అప్పుడు వెలిగింది.

అలాగైతే నిప్పుసీమ ఎక్కడిది? మరీ పరీక్షగా చూశాను. ఎండిన చెరువు. దాని కట్ట మీద ఒకే చింతచెట్టు. గుట్ట మీద ఒక చిన్న గుడి. అది అనంతపురం జిల్లాలో మా నాన్న ఉండే ఊరు. చెరువు, చెట్టు, గుడి ఉన్నవి ఉన్నట్టు దించాడు. ఊళ్ళో వానలెందుకు పడవంటే, గుట్ట వెనక డ్రాగన్ ఉంది, అది ఊపిరి వదిలితే మబ్బులు కాలిపోతాయి. అది వాడి శాస్త్రం.

మా ఊరి సంగతి కాబట్టి నాకు రోషం వచ్చిందేమో, డ్రాగన్ కాదు, కొండలు అన్నాను. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి నీళ్ళు మోసుకొచ్చి పడమటి కనుమలు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కురిపించేస్తుంది. కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన. కనుమలు దిగి అనంతపురం చేరేసరికి ఆ గాలిలో మిగిలేది తక్కువ. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. తిరిగొచ్చే ఈశాన్య గాలి వానలు కోస్తాకు ఎక్కువ, మాదాకా తక్కువ. ఇదంతా సోషల్ పుస్తకంలో 'వర్షచ్ఛాయా ప్రాంతం' అని రెండు లైన్లలో ఉంటుంది. వాడు ఆ రెండు లైన్లూ బట్టీ పట్టి పరీక్షలో రాశాడు కూడా. తాతయ్య ఊరికీ దానికీ ఏమైనా సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వాడు పడమటి వైపు ఒక కొండల వరుస గీశాడు. డ్రాగన్‌ని చెరిపేస్తాడనుకున్నాను. చెరపలేదు. రెండు రోజుల తర్వాత కథ ఎలా మారిందో చెప్పాడు. నిప్పుసీమ జనం వానలు పడకపోవడానికి డ్రాగనే కారణమని నమ్ముతారు. తరతరాలుగా కుర్రాళ్ళను దాని మీదకు యుద్ధానికి పంపుతారు. చివరికి మన వీరులు వెళ్ళి చంపేస్తారు. ఊరంతా పండగ చేసుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటుంది. వాన రాదు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఆటే. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం."

నేను పుట్టిన ఏడాది మా ఊళ్ళో చెరువు నిండిందట. మా అమ్మ చెప్పేది. వాడితో ఆ మాట అనలేదు గాని, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక నేను కూడా ఆటలోకి దిగానని ఒప్పుకోవాలి. రాతిసీమ రాజధాని కొండ శిఖరం మీద ఉంది. తాగడానికి నీళ్ళెక్కడివిరా అంటే మాయ అన్నాడు. ఆ ఆదివారం పిల్లలను గోల్కొండ తీసుకెళ్ళాను. కొండ 120 మీటర్ల ఎత్తు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి పైన వినిపించిందో లేదో చూసుకోవడంలోనే గంట పోయింది. ఆ తర్వాత గోడల్లోంచి వెళ్ళిన మట్టి గొట్టాలు చూపించాను. కింద చక్రాలతో నీళ్ళు తోడి, మెట్టు మెట్టుగా పైకి ఎక్కించేవారు. రాతిసీమ యజమాని, అందాకా చిప్స్ ప్యాకెట్ మీదే దృష్టి ఉన్నవాడు, గొట్టం మీద చెయ్యి వేసి అడిగాడు: "అంకుల్, ఇది ఎవరైనా పగలగొడితే కోట ఎన్ని రోజులు ఆగుతుంది?" బస్సులో ఆ తర్వాతి రెండు వారాలు అదే కథ నడిచింది.

స్కేలు దగ్గర మాత్రం వాళ్ళు బాగా నొచ్చుకున్నారు. వీరులు లోకం ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగు రోజుల్లో నడిచి వెళ్తున్నారు. మనిషి సామానుతో రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే వాళ్ళ మహాసామ్రాజ్యం వెడల్పు ఇంచుమించు హైదరాబాదు నుంచి నల్గొండ. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఓటింగు పెట్టి, సెంటీమీటరుకు 20 కిలోమీటర్లని తేల్చారు. ఇప్పుడు ప్రయాణం పదహారు రోజులు. దాంతో దారిలో సత్రాలు, బావులు, గాడిదలు, అటుకుల మూట, అన్నీ కొత్తగా కావాల్సి వచ్చాయి.

స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' పుట్టింది కూడా ఇలాగే. 1881లో స్కాట్లండ్‌లో వాన ముసురు పట్టిన సెలవుల్లో, తన సవతి కొడుకు బొమ్మలు వేసుకుంటుంటే పక్కన కూర్చుని గీసిన దీవి పటం నుంచి ఆ కథ వచ్చింది. తర్వాత అచ్చుకు పంపితే ఆ పటం పోయింది. ఆయన తండ్రి లైట్‌హౌసులు కట్టే ఇంజినీరు. కథలో ఉన్న వివరాలన్నీ ఏరుకుని, ఆ తండ్రి ఆఫీసులోనే మళ్ళీ గీయాల్సి వచ్చింది. ఇంజినీరు నాన్నలకు ఆ మాత్రం ఉపయోగం ఉందని మా ఆవిడకు చదివి వినిపించాను.

సోషల్ మార్కులు పెరిగాయా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. పెరిగాయి, నాలుగు. లెక్కల నోట్సు వేరు, పటాల నోట్సు వేరు అని మాత్రం ఒప్పందం చేసుకున్నాం.

ఇన్ని మార్పులు జరిగినా ఒక చోటు తెల్లగానే ఉండిపోయింది. తూర్పు తీరం, ఓడలసీమ. పేరు ఒక్కటే రాసి ఉంది. ఆ సీమ యజమాని వాళ్ళ నాన్నకు జూన్‌లో విశాఖపట్నం బదిలీ అయింది, కుర్రాడు స్కూలు మారిపోయాడు. ఆ ఖాళీ మీద సముద్రం నీలం రంగు వేసేస్తే పోదా అని నేనొకసారి అంటే, మా వాడు నోట్సు మొదటి పేజీ తిప్పి ఎర్ర ఇంకు నియమం చూపించాడు. వీరుల కథ ఓడలసీమ సరిహద్దు దాకా వచ్చి ఏడు నెలలుగా అక్కడే ఆగి ఉంది.

పోయిన వారం వాళ్ళ అమ్మగారి ఫోను నుంచి మా ఆవిడ వాట్సాప్‌కు ఒక ఫొటో వచ్చింది. గ్రాఫ్ పేపరు మీద ఓడలసీమ. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ, దాని చాటున ఓడలు నిలిచే రేవు. డాల్ఫిన్స్ నోస్ చూసినవాళ్ళు ఎవరైనా గుర్తుపడతారు. మా వాడు ప్రింటు తీయించి, కత్తిరించి, పెద్ద పటానికి ఆనించి చూశాడు. అన్నీ కుదిరాయి, నది తప్ప. రాతిసీమ నుంచి వచ్చే నది మా కాగితం మీద సరిహద్దు దాటే చోటు పైన ఉంది, వాడి కాగితంలో ప్రవేశించే చోటు కింద ఉంది. మధ్యలో నాలుగు సెంటీమీటర్లు. అంటే ఎనభై కిలోమీటర్లు.

"సరిహద్దు అవతల ఒక గుట్ట అడ్డం పెడితే నది అదే దక్షిణానికి తిరుగుతుంది" అన్నాను, పెన్సిలు అందుకుంటూ.

వాడు పెన్సిలు నా చేతిలోంచి మెల్లగా తీసేసుకున్నాడు.

"అది వాడి సీమ నాన్నా. ఆదివారం పదకొండింటికి ఫోన్ చేస్తానన్నాడు."