ఇంట్లో వ్యాయామం, చేతిలో ఇనుపగుండు



ముప్పై రెండు సంవత్సరాల ప్రభుత్వ వైద్యవృత్తిలో వేలమంది రోగులకు "రోజూ వ్యాయామం చేయండి" అని చెప్పాను. ఆ మాటను నేనెంతవరకు పాటించానో ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు. ఈనాడు చెబుతాను.

నాకు అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక అర్ధరాత్రి నా భార్య స్నానాలగదిలో జారిపడింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు. చీలమండ బెణికి లేవలేకపోయింది. నేను లేపబోయాను. నా వల్ల కాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, ఆయాసంతో ఆమె పక్కనే తడి గచ్చుమీద కూర్చుండిపోయాను. పొరుగింటి అబ్బాయికి ఫోన్ చేసి, అతడు వచ్చేవరకు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. "మీరు కంగారు పడకండి" అని పడిన మనిషే నన్ను ఓదార్చింది. అప్పటికి నాకు మధుమేహం లేదు, రక్తపుపోటు అదుపులో ఉంది, రోజూ అరగంట నడిచేవాణ్ణి. అయినా యాభై అయిదు కిలోల మనిషిని నేలమీద నుంచి లేపలేకపోయాను.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు నాకు అరకు కొండలు గుర్తుకు వచ్చాయి.

డోలీ దించిన పెద్దాయన

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నేను అరకు లోయ పరిసరాల్లోని ఒక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా; 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. రోడ్డు లేని గూడేల నుంచి రోగులను డోలీలో మోసుకువచ్చేవారు. బలమైన కర్రకు దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ముందొకరు వెనుకొకరు భుజాన వేసుకుని కొండలు దిగేవారు. ఒక వానాకాలపు రాత్రి నొప్పులు పడుతున్న గర్భిణిని అలా తెచ్చినవారిలో ఒకాయనకు తల పూర్తిగా నెరిసింది. ఆయన డోలీ దించిన తీరు నా కంటిలో నిలిచిపోయింది. నడుము వంచలేదు. వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గరా మోకాళ్ల దగ్గరా మడిచి, నెమ్మదిగా కూర్చుంటూ దించాడు. తెల్లవారేసరికి ప్రసవం జరిగింది. తల్లీబిడ్డా క్షేమం.

కొండవారి కాయకష్టాన్ని పొగిడి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. డోలీ ఉన్నదంటే అక్కడికి రోడ్డు లేదని అర్థం. బరువులు మోసే ఆ మనుషులలోనే నడుమునొప్పినీ, రక్తహీనతనూ నేను నిత్యం చూశాను. కాయకష్టంలో బరువెంతో, విశ్రాంతి ఎప్పుడో మోసేవాని చేతిలో ఉండదు. వ్యాయామంలో ఆ రెండూ మన చేతిలోనే ఉంటాయి. అంతటి వెసులుబాటు ఉండీ వాడుకోకపోవడం నా తప్పు.

ముప్పై ఏళ్లు దాటిన తరువాత మన కండరాలు దశాబ్దానికి సుమారు 3 నుంచి 8 శాతం తరుగుతాయి. అరవై దాటాక ఆ తరుగుదల వేగం పెరుగుతుంది. నడక గుండెకు మంచిదే, కాని కండబలానికి అది ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం కావాలి. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా తూలిపడకుండా కాపాడే వ్యాయామాలూ చేయాలి. ఈ సగం మాటను నేను రోగులకు ఏనాడూ చెప్పలేదు.

అలవాటు నిలిచిన విధం

మొదటి ప్రయత్నంలో గంటసేపటి ప్రణాళిక వేసుకున్నాను. తొమ్మిదో రోజున మానేశాను. రెండోసారి అయిదు నిమిషాలే పెట్టుకున్నాను. పళ్లు తోముకున్న తరువాత, కాఫీకి ముందు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడకు చేతులు ఆన్చి పదిసార్లు వెనక్కి తోసుకోవడం, గోడ పక్కన ఒంటికాలిపై కాసేపు నిలబడటం. అంతే. అవి కానిదే కాఫీ లేదు. ఇంట్లో కాఫీ మానేసిన రోజు లేదు కనుక వ్యాయామం మానేసిన రోజులూ తగ్గాయి.

లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్కకట్టారు. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా గమనించారు. అందువల్ల నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఒకరోజు తప్పవచ్చు, వరుసగా రెండు రోజులు తప్పకూడదు.

బరువు చేర్చిన తరువాత

అయిదు నెలలు గడిచాక కెటిల్‌బెల్ కొన్నాను. ఇది పైన పిడి ఉన్న ఇనుపగుండు. రష్యాలో ధాన్యం తూచే తూనికరాయిగా మొదలై, పిమ్మట బలప్రదర్శనలకూ వ్యాయామానికీ చేరింది. మన తాలింఖానాల్లో పహిల్వానులు ఎత్తిన సంగిడి గుండ్లకు ఇది దూరపు చుట్టమే. కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం మన తూర్పు కనుమల అంచునే ఉన్నది కదా!

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఫోన్‌లో వీడియో చూసి, రెండో రోజే 8 కిలోల గుండును కాళ్ల మధ్యనుంచి ముందుకు ఊపాను. నడుము పట్టేసింది. మూడు వారాలు మంచం దిగడమే కష్టమైంది. మరో ముసలాయన ఈ పని చేసి నా దగ్గరకు వచ్చివుంటే గట్టిగా మందలించేవాణ్ణి.

కోలుకున్నాక 4 కిలోలతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డోలీ దించిన పెద్దాయనే నాకు గురువు. వారానికి మూడు రోజులు మూడే పనులు. ఒకటి, పాదాల మధ్య ఉంచిన గుండును వీపు నిటారుగా ఉంచి, పిరుదులను వెనక్కి జరిపి, కాళ్ల బలంతో ఎత్తి దించడం. రెండు, గుండును రొమ్ముకు దగ్గరగా పట్టుకుని కుర్చీలో కూర్చుని లేవడం. మూడు, ఒక చేత్తో గుండు పట్టుకుని పక్కకు ఒరగకుండా హాలు ఈ చివరనుంచి ఆ చివరకు నడవడం, తరువాత చేయి మార్చడం. ఒక్కొక్కటి ఎనిమిదిసార్లు, రెండు విడతలు. రెండు వారాలపాటు సులువుగా అనిపిస్తేనే బరువు పెంచాను. ఏడాదికి ఎత్తడంలో 12 కిలోలకు చేరాను. ఊపడం మాత్రం ఫిజియోథెరపిస్టు ఎదుట నేర్చుకున్న తరువాతనే చేశాను.

కొన్ని జాగ్రత్తలు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి; రక్తపుపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తేటప్పుడు గాలి వదలండి. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపుపోటు, హెర్నియా, మధుమేహం వలన కంటిపొర దెబ్బతినడం, ఎముకల గుల్లతనం ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు ముందుగా తమ వైద్యుణ్ణి సంప్రదించాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కలిగితే వెంటనే ఆపాలి. అరకు, పాడేరు ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ వ్యాధి ఉన్నవారు శక్తికి మించి శ్రమిస్తే, నీరు చాలినంత తాగకపోతే తీవ్రమైన నొప్పులు రావచ్చు. వారు వైద్యుని సలహాతో తేలికగా, మధ్యమధ్య ఆగుతూ చేయాలి.

ఇప్పుడు నా భార్యను నేను లేపగలనా అని మీరు అడగవచ్చు. పడినవారిని చంకల కింద పట్టి పైకి లాగకూడదని నాకు తెలుసు; ఆ రాత్రి తొందరలో మరచిపోయాను. దెబ్బలు లేవని నిర్ధారించుకుని, దగ్గరగా కుర్చీ పెట్టి, వారిని ముందు మోకాళ్లపైకి, తరువాత కుర్చీ పట్టుకుని ఒక పాదంపైకి రానివ్వాలి. మనం ఊతమివ్వాలి, అంతే. లేవవలసింది వారి కాళ్లే. ఆ సంగతి అర్థమయ్యాక ఆమె కూడా నాతోపాటు కుర్చీలోంచి లేవడం ప్రారంభించింది. ఇప్పుడు నేలమీద కూర్చుని పూలు గుచ్చి, ఎవరి సాయమూ లేకుండా లేస్తుంది.

రేపు ఉదయం కాఫీకి ముందు, గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు రొమ్ముపై కట్టుకుని లేచి చూడండి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారో క్యాలెండర్‌పై వ్రాసుకోండి. ఒక్కసారే అయినా సిగ్గుపడకండి. నా మొదటి రోజు లెక్క ఆరు.