పూచీ ఎవరు?

సుగ్గికి పోవడమంటే ఏమిటో కోసిగి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. వానలు ముఖం చాటేసిన ఏడాది ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. బడిలో హాజరుపట్టీ పలచబడుతుంది. ఇక్కడ పాఠం చెప్పే గిరిజన టీచర్లుగా మేము దీన్ని ఏటా చూస్తూనే ఉన్నాం.

అయినా సుగ్గి ముగిస్తే తిరిగి రావడానికి మనకొక ఊరుంది. అదీ లేనివాళ్లున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం, ఇటు మావోయిస్టుల మధ్య నలిగిపోయిన కోయలు వేలమంది అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాకు వచ్చారు. ఇక్కడ వాళ్లను గుత్తికోయలన్నారు. తమ మాట తెలిసిన కోయ గూడేల పక్కనే గుడిసెలు వేసుకున్నారు. మిరప చేలల్లో కూలి దొరికింది. కానీ ఆ గుడిసెలను అటవీ శాఖ పలుమార్లు కూల్చింది. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి కనుక, అక్కడి గిరిజనుడికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు. దేశం దాటలేదు కనుక చట్టం లెక్కలో శరణార్థులూ కారు. కూలికి పిలిచేవారున్నారు, పూచీ పడేవారు లేరు.

పూచీ పడే పద్ధతి కెనడాలో ఉంది. అక్కడ 2024 వరకు అయిదుగురు మనుషులు కలిసి సంతకం చేస్తే ఒక శరణార్థి కుటుంబాన్ని పిలిపించుకోగలిగేవారు. సుమారు ఏడాదిపాటు ఇల్లు, తిండి, పిల్లల బడి ఆ అయిదుగురి బాధ్యత. 1979-80లో వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి అక్కడికి చేరిన దాదాపు 60,000 మందిలో సగానికి పైగా ఇలా వచ్చినవారే.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. కానీ టీచరు చేతిలో ఒక సంతకముంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలెవరైనా వయసుకు తగిన తరగతిలో చేరవచ్చు. టీసీ ఆలస్యమైందని, పుట్టినతేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. వచ్చిన బిడ్డ ఏ రాష్ట్రం, ఏ భాష అన్న ప్రశ్న ఇందులో లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఊరి చివర కొత్త గుడిసె లేస్తే వెళ్లి పలకరించండి. పిల్లలుంటే చెయ్యి పట్టుకుని బడికి తీసుకురండి. వాళ్ల భాష మీకొస్తే మొదటి నెల పక్కన కూర్చోండి. టీచర్లారా, రిజిస్టరులో పేరు రాయండి. గుంటూరు చేల పక్క బడిలో మన కోసిగి బిడ్డ పేరు కూడా ఇలాగే ఎవరో ఒకరు రాయాలి కదా.